ఎనిమిది రెట్ల దుర్భిణి

పెదగూళ్లపేటలో దీపావళికి టపాకాయలు కాల్చరు. పిసినారితనం కాదు. ఊళ్లో పురిటాళ్లున్నారు, ఉలిక్కిపడతారు. ఆ పురిటాళ్లు ఒకరూ ఇద్దరూ కాదు, వందల మంది. ఉండేది మంచాల మీద కాదు, చింతచెట్ల మీద. ఏటా వానలు వెనకబట్టే వేళకి ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ ఎక్కణ్నుంచో వచ్చి, పెరళ్లలోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుతాయి. ఎండలు ముదిరేలోగా ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పక్షులనరు. "పిల్లలొచ్చీసినారు" అంటారు. పురిటికొచ్చిన ఆడపిల్లను కసిరితే ఇల్లు కలిసిరాదని వాళ్ల నమ్మకం. అందుకే నెత్తిన రెట్ట పడ్డా తుడుచుకుపోతారు గాని తలెత్తి ఒక్క మాట అనరు.

ఈ పురిటాళ్లందరికీ సర్కారు పెట్టిన కాపలాదారు బమ్మిడి పోలయ్య. పక్షి సంరక్షణ శాఖలో వాచరు. ఇరవై రెండేళ్ల సర్వీసు, మూడేళ్లలో రిటైర్‌మెంటు. అతను పక్షుల్ని లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. ఒక జంట చెట్టు మీద దిగి గూటికి మొదటి పుల్ల పెట్టగానే, రెండు చింతపిక్కలు తీసి కుండలో వేస్తాడు. ఏడాదికో కుండ. సంక్రాంతి దాటి మాఘం వచ్చేసరికి కుండ బోర్లించి, భార్య అచ్చెమ్మా తనూ చెరో పక్కా కూర్చుని లెక్కపెట్టి, రేంజి ఆఫీసుకు వెళ్లి ఒక అంకె చెప్పేవాడు. వాళ్లు రాసుకునేవారు. ఇరవై రెండేళ్లలో ఆ అంకెను ఎవరూ కాదనలేదు, ఎవరూ చదవనూ లేదు.

ఈ ఏడు మాత్రం చదవవలసిన అవసరం వచ్చింది. ఊరి మీదుగా పోయే రోడ్డును వెడల్పు చెయ్యాలని పైవాళ్లు నిర్ణయించారు. రోడ్డుకు రెండు పక్కలా ఉన్నవి ఆ చింతచెట్లే. వెయ్యి పక్షులుంటే ఆ ఊరు పక్షుల కేంద్రం, చెట్ల జోలికి ఎవరూ రాకూడదు. వెయ్యికి ఒక్కటి తగ్గినా చెట్లు కొట్టెయ్యొచ్చు. ఆ వెయ్యి ఉన్నాయో లేవో ఫిబ్రవరి నెలాఖరుకల్లా శాఖ తేల్చి చెప్పాలి.

"దానికేటి బెంగ?" అన్నాడు పోలయ్య, కుండ వైపు చూసి. "మనకి వెయ్యి దాటకుండా ఏ ఏడున్నాది గనక?"

సరిగ్గా అప్పుడే ముఖ్య కార్యాలయం నుంచి సర్క్యులర్ దిగింది. రేంజి ఆఫీసరు చిదానందం దాన్ని రెండుసార్లు చదువుకుని, మూడోసారి పోలయ్యకు చదివి వినిపించాడు. చిదానందం మంచివాడు. కాకపోతే ఆ మంచితనాన్ని ఆఫీసు వేళల్లో బయటికి తీసేవాడు కాదు.

"ఇకమీదట ఉపకరణ రహిత నేత్రములతో, అనగా ఉత్త కళ్లతో, దర్శించిన పక్షులు గణన నిమిత్తము చెల్లనేరవు. శాఖచే ఎంపిక కాబడిన ద్వినేత్ర దుర్భిణి ద్వారా దర్శించబడిన పక్షులనే పక్షులుగా పరిగణించవలెను."

పోలయ్యకు సగం అర్థమయింది. ఆ సగమే చాలింది.

"ఉత్త కళ్లతో సూస్తే సెల్లదా బాబూ? మా ఇంటి సెట్టుమీద కొంగ, సెయ్యి సాపితే అందుతాది. నిన్న మా ఆడది బట్టలారేత్తంటే తాడుమీంచి దాని పమిట లాగింది. దానికి దుర్బిణీ ఎందుకు బాబూ?"

"పమిట లాగితే లాగనీ. దుర్భిణి వచ్చేదాకా అది అధికారికంగా పక్షి కాదు."

దుర్భిణి అంత తొందరగా వస్తుందా? దాన్ని ఎంచాలి. ఎంచడానికి ఒక కమిటీ, కమిటీకి ఒక చైర్మన్, చైర్మన్‌కు ఒక పెద్ద గది కావాలి. సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావు గారు చైర్మన్ అయ్యారు. వారు పక్షుల శాఖలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నారు. కిటికీ తలుపులు తీస్తే పావురాలు వస్తాయని గది ఎప్పుడూ మూసే ఉంచుతారు. వాడేవాడి అభిప్రాయం కూడా వినాలని రూలుంది కాబట్టి పోలయ్యను రమ్మన్నారు. అతను రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారి నాలుగో అంతస్తు మెట్లెక్కి, ఆ గదిలో గోడవారగా నిలబడ్డాడు.

బల్ల మీద రకరకాల బైనాక్యులర్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీదా రెండంకెలు. ఎనిమిదీ నలభై రెండూ, పన్నెండూ యాభై, ఇరవయ్యీ ఎనభై. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందుండే అద్దం వెడల్పు. తెచ్చిన కంపెనీ కుర్రాడు ఈ సంగతి ఎంతో ఓపికగా చెప్పాడు. నడుస్తూ చూడ్డానికి ఎనిమిది రెట్లది హాయిగా ఉంటుందనీ, ఇరవై రెట్లది చేతిలో నిలవదనీ, బొమ్మ వణికిపోతుందనీ కూడా చెప్పాడు.

"వణికేది బొమ్మ కాదు, చెయ్యి. క్రమశిక్షణ గల చెయ్యి వణకదు," అన్నారు త్రివిక్రమరావు గారు, ఇరవై రెట్లదాన్ని తమవైపు లాక్కుంటూ. "అయినా ఇక్కడ మౌలికమైన ప్రశ్న ఒకటి ఉత్పన్నమవుతోంది. ఒక వాచరు ఇరవై రెట్లూ, సంయుక్త సంచాలకుడు ఎనిమిది రెట్లూ చూస్తే పరిపాలన ఏమి కావాలి? కిందివాడు పై అధికారికంటే ఎక్కువ చూడటం సర్వీసు నిబంధనలకే విరుద్ధం."

సభ్యులందరూ ఈ కోణం తమకు తట్టనందుకు సిగ్గుపడ్డారు. అప్పటికప్పుడే తీర్మానమయింది. సంయుక్త సంచాలకుల వారికి ఇరవై రెట్లు, రేంజి ఆఫీసరుకు పన్నెండు, వాచరుకు ఎనిమిది. ప్రమోషన్ వస్తే రెట్లు పెరుగుతాయి. సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఉత్త కళ్లతోనే ఉండాలి.

"నువ్వేమైనా చెప్పదలిచావా?" అని పోలయ్యను అడిగారు, రూలు ప్రకారం.

"బాబూ, మంచులో తడిస్తే అద్దానికి సెమ్మ పడతాదేటి? పొద్దున్న బాగా మంచు కురుస్తాది మాకు. మెడకి బరువవదు గదా?"

దుర్భిణి ఎంచుకునేవాడు అడగవలసిన ప్రశ్నలు ప్రపంచంలో నాలుగో ఐదో ఉంటే, అందులో రెండు అవి. కంపెనీ కుర్రాడు సంతోషంగా నోరు తెరిచాడు. అంతలోనే చైర్మన్ గారు, "సాంకేతిక విషయాలు కమిటీ పరిధిలోనివి," అని ఆ నోరు మూయించారు.

తరవాత పరీక్ష జరిగింది. చైర్మన్ గారు కిటికీ అద్దంలోంచే బయటికి గురిపెట్టారు. చేతులు వణకకుండా ఇద్దరు గుమాస్తాలు చెరో మోచెయ్యీ పట్టుకున్నారు. ఇరవై రెట్లలో వారికి పక్షేదీ కనపడలేదు గాని, రోడ్డవతల బడ్డీ దగ్గర టీ తాగుతున్న తమ ఆఫీసు అటెండరు మీసంతో సహా కనిపించాడు. పరికరం సంతృప్తికరమని రాసి, అటెండరుకు మెమో ఇచ్చారు. ఈ పనులన్నీ అయ్యేసరికి కార్తీకం వెళ్లిపోయింది, సంక్రాంతీ వెళ్లిపోయింది. పెదగూళ్లపేటలో అధికారికంగా పక్షి కాని పక్షులు గుడ్లు పెట్టి పొదిగాయి, అధికారికంగా లేని పిల్లలు తెల్లారిందగ్గర్నుంచీ ఆకలని అరిచాయి.

ఫిబ్రవరి మధ్యలో దుర్భిణి పోలయ్య చేతికొచ్చింది. నల్లటి సంచీ, మెడకు పటకా, వెంట ఒక కాగితం: ఎనిమిది రెట్లు చూపునని కంపెనీ వారి ధ్రువపత్రం. అతను ఇంటి ముందు చెట్టుకింద నిలబడి కళ్లకు పెట్టుకున్నాడు. అంతా మసక. తిప్పగలిగిన చక్రమల్లా తిప్పాడు, ఇంకా మసక. కొంగ మరీ దగ్గరుంది. దుర్భిణికి దగ్గరి చుట్టాలు కనపడరు. చివరికి అతను గట్లు దాటి, చేలు దాటి, మూడు చేల అవతల నీళ్లు మళ్లించే మడవ దగ్గరకు పోయి వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఉన్న పక్షుల్ని చూడ్డానికి వాటికి దూరంగా పరిగెత్తవలసి వచ్చిన మొదటి వాచరు అతనే.

చక్రం కొంచెం తిప్పగానే మసక విడిపోయింది. పోలయ్య గట్టు మీద కుదురుగా కూర్చున్నాడు.

ఇరవై రెండేళ్లుగా చూస్తున్న పక్షే. కాని దాని కంటిచుట్టూ అంత సన్నటి అంచుందని అతనికి తెలియదు. తల్లి గొంతులోంచి చేపను కక్కి పెడుతుంటే, పిల్ల తెరిచిన నోట్లో ఎర్రటి నాలిక కనిపించింది. రెక్క చాపి ఇంకో తల్లి ఎండకు అడ్డం నిలబడింది, నీడలో ముగ్గురు పిల్లలు. పోలయ్యకు కళ్లు తడిసి అద్దాలకు చెమ్మపట్టింది. కమిటీని అడిగిన ప్రశ్నకు జవాబు అలా దొరికింది. దుర్భిణి మంచిదే. దాన్ని పంపినవాళ్ల మీద కోపం కూడా ఆ పూటకి అతనికి పోయింది.

నాలుగు రోజులు చేల అవతల నిలబడి లెక్కపెట్టాడు. వెయ్యిన్నీ రెండువందల పదహారు. ఇంటికొచ్చి కుండ బోర్లించారు. చింతపిక్కలు కూడా వెయ్యిన్నీ రెండువందల పదహారే. ఆ రోజు అచ్చెమ్మ పాయసం వండింది.

పాయసం అరగకముందే పరాంకుశం గారు దిగారు. వారు శాఖలో గణాంకాధికారి. లంచం ఎరగని మనిషి, నవ్వూ ఎరగని మనిషి. కాగితాలన్నీ అరుగు మీద పరిచి, కళ్లజోడు తుడుచుకుని, అంకె చూశారు. తరవాత కంపెనీ ధ్రువపత్రం చూశారు. తరవాత చాలాసేపు పోలయ్యను చూశారు.

"ఎనిమిది రెట్లు చూపే పరికరంతో చూశావు. ఇన్ని కనిపించాయన్నావు. అంటే అసలు ఎన్ని?"

"అసలూ అన్నే బాబూ."

"అదెలా సాధ్యం? అయితే ధ్రువపత్రం అబద్ధమా?" పరాంకుశం గారు ఎర్ర ఇంకుతో భాగహారం వేశారు. "ఎనిమిదితో భాగించగా నూట యాభై రెండు. నిశ్శేషం. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడు, సత్యమైతే తప్ప ఇలా కుదరదు."

"అయ్యో బాబూ, పిట్ట పెద్దదిగా అగుపిస్తాది గాని, ఎక్కువగా అగుపించదు!"

"పెద్దదంటే ఎక్కువ కాదా? పెద్ద చెరువులో నీళ్లు ఎక్కువుండవా?"

పక్కన నిలబడ్డ చిదానందం గొంతు సవరించుకున్నాడు. "సార్, నేను కూడా చూశాను సార్..."

"మీరు చూడకపోవడమే మేలు. మీది పన్నెండు రెట్లది. దాంతో భాగిస్తే నూటొక్క పక్షులూ, పైన ఒక కాలో రెక్కో మిగిలేది. ఆ శేషాన్ని ఏ పట్టికలో చూపిస్తారు?"

చిదానందం సవరించుకున్న గొంతును మళ్లీ యథాస్థానంలో పెట్టేసుకున్నాడు. పోలయ్య లోపలికి పరిగెత్తి కుండ తెచ్చి ఎదురుగా పెట్టాడు. "పిక్కలు సూడండి బాబూ, వీటికి రెట్లు నేవు."

"చింతపిక్కలు రికార్డు కావు," అని పరాంకుశం గారు లేచారు.

నూట యాభై రెండు వెయ్యికి తక్కువ. దానికి మాత్రం అందరూ ఒప్పుకోక తప్పదు. మూడో రోజుకల్లా ఎర్ర రంగు డబ్బాలతో మనుషులొచ్చి చింతచెట్లకు నంబర్లు వేశారు. పోలయ్య పెరట్లో పడమటి చెట్టుకు పదిహేడు పడింది. పైన పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. నెలన్నర ఆగితే ఎగిరిపోతాయి, ఈలోగా గొడ్డలి పడితే గూళ్లతో సహా నేలపాలే. ఊళ్లో ఆడవాళ్లు రంగు చూసి, ఎవరో పోయినట్టు మాటలు మానేశారు. పోలయ్యకు అన్నం దిగలేదు. పురిటికొచ్చిన పిల్లను పుట్టింటివాళ్లే నరికిన ఊరని పేరొస్తుంది. ఆ పిల్లల్ని కాయడానికి పెట్టిన మనిషేమో తను. తన చేత్తో లెక్కపెట్టి, తన చేత్తో కాగితమిచ్చి ఈ గొడ్డలి తెచ్చానని అతను కుమిలిపోయాడు.

మర్నాడు సాయంత్రం అచ్చెమ్మ ఆ దుర్భిణి తీసి కళ్లకు పెట్టుకుంది. తిరగేసి పెట్టుకుంది.

"ఓలమ్మో! ఇదేటి మావా, మన సెట్టు కొత్తిమీర కాడంతయిపోనాది? కొంగలు సీమలంత! దీంతో సూసేనా ఆ బాబు అన్ని తగ్గించీసినాడు?"

"అటుకాదే, తిప్పి పట్టు. ఆ పక్క సూస్తే అన్నీ సిన్నవయిపోతాయి."

అన్నాక, తను ఏమన్నాడో పోలయ్యకు అప్పుడు వినిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా చిదానందం ఇంటికి నడిచాడు.

పదిహేను రోజుల్లోగా ఒకసారి పునర్గణన కోరవచ్చని రూల్లో ఉంది. చిదానందం అర్జీ రాసిపెట్టాడు. సంతకం మాత్రం పోలయ్యదే. అయినా కలం తనదే ఇచ్చాడు, అతని ధైర్యానికి అది చాలా ఎక్కువ.

పరాంకుశం గారు మళ్లీ వచ్చారు. పోలయ్య ఈసారి చేలల్లోకి పరిగెత్తలేదు. చెట్టుకిందే నిలబడి, దుర్భిణి తిరగేసి కళ్లకు పెట్టుకున్నాడు. చెట్టు చెట్టుకీ తిరిగి, రెండు రోజులు వారి ఎదురుగానే లెక్కపెట్టాడు.

"వెయ్యిన్నీ రెండువందల పదహారు బాబూ."

"పాత అంకేగా? ఎనిమిదితో భాగిస్తే..."

"మరేటి బాబూ, ఈ పక్కనుంచి సూస్తే ఎనిమిది రెట్లు తగ్గించి గదా సూపిస్తాది. తమరే సూడండి."

పరాంకుశం గారు తీసుకుని చూశారు. చెట్టు చిన్నదయింది. దించి చూశారు, పెద్దదయింది. మళ్లీ ఎత్తారు. వారి ముఖంలో మొట్టమొదటిసారి ఒక కష్టం కనిపించింది. కాని నిజాయితీపరుడు. తను వేసిన సూత్రం తన కాళ్ల కిందికి వచ్చినా పక్కకు తప్పుకునే మనిషి కాదు.

"తగ్గించి చూపినపుడు హెచ్చవేయవలసిందే," అన్నారు మెల్లగా. "సూత్రం సూత్రమే. తొమ్మిదివేల ఏడువందల ఇరవై ఎనిమిది."

వారం తిరక్కుండా రోడ్డు పక్క ఊరి మీదుగా మళ్లింది. చెట్ల మీది ఎర్ర నంబర్లను ఊరి ఆడవాళ్లు పేడతో అలికేశారు. చైత్రంలో పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోతుంటే ఊరంతా వీధిలోకొచ్చి, అత్తారింటికి పంపుతున్నట్టు పసుపునీళ్లు చల్లారు. పోలయ్య ఆ రోజు కడుపునిండా ఏడ్చాడు, కడుపునిండా తిన్నాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండును. కాని ముఖ్య కార్యాలయంలో త్రివిక్రమరావు గారికి నిద్ర కరువయింది. ఎనిమిది రెట్లవాడు తొమ్మిదివేల పైచిలుకు చూస్తే, ఇరవై రెట్లవారు చూసింది ఒక్క అటెండరునా? ఫైలు తెప్పించి, గదిలోనే కూర్చుని, వెయ్యిన్నీ రెండువందల పదహారును తమ హోదాకు తగినట్టు ఇరవైతో హెచ్చవేశారు. ఇరవై నాలుగు వేల మూడువందల ఇరవై. ఆ అంకె పుస్తకంలో అచ్చయింది, సభల్లో చదివారు, శాలువా కూడా కప్పించుకున్నారు.

శాలువా కప్పుకున్న అంకెను తనిఖీ చెయ్యాలి కదా. పరాంకుశం గారు మూడోసారి వచ్చి, ఈసారి కుండ అడిగి తీసుకుని, పిక్కలు స్వయంగా లెక్కపెట్టుకుపోయారు. పది రోజులకు పోలయ్యకు మెమో వచ్చింది.

"శాఖ రికార్డుల ప్రకారము పక్షులు 24,320. మీరు అనధికారముగా నిర్వహించుచున్న చింతపిక్కల రికార్డు ప్రకారము 1,216. మీ అధీనములో ఉండవలసిన 23,104 పక్షులు ఎచ్చటికి పోయినవో ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

పోలయ్యకు నవ్వొచ్చింది, ఒళ్లు మండింది కూడా. చిదానందం దగ్గర కలం తీసుకుని, ఈసారి పోలయ్య తనే కూడబలుక్కుని రాశాడు. "అయ్యా, ఆ పక్షులు మా ఊరు ఎప్పుడూ రాలేదు. మా చెట్లమీద దిగలేదు. అవి పుట్టింది తమరి ఆఫీసులో, ఉన్నది కూడా అక్కడే. వాటికి నాది పూచీ కాదు."

ఈ సంజాయిషీ మీద ముఖ్య కార్యాలయంలో రెండు రోజులు చర్చ జరిగింది. మనిషి నిజమే చెబుతున్నాడని అందరూ అంగీకరించారు. ఇరవై మూడువేల పైచిలుకు పక్షులు ముఖ్య కార్యాలయంలో ఉన్నట్టు తేలింది గనక, వాటికి ఒక్క వాచరు కూడా లేకపోవడం ఘోరమైన లోపమని త్రివిక్రమరావు గారు బాధపడ్డారు. అనుభవజ్ఞుడు ఒక్కడే ఉన్నాడు. ఉత్తర్వు వెళ్లింది. పోలయ్యకు రిటైర్‌మెంటు దాకా నాలుగో అంతస్తుకు బదిలీ.

ఇప్పుడు పోలయ్య అక్కడే ఉన్నాడు. ఒక స్టూలు, ఎదురుగా ఫైళ్ల బీరువా, మెడలో దుర్భిణి. రోజూ పదిన్నరకు త్రివిక్రమరావు గారు లోపలికి వెళుతూ అడుగుతారు.

"ఎన్ని?"

"అన్నీ ఉన్నాయి బాబూ. ఒక్కటీ ఎగర్లేదు."

"శభాష్," అని వారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు.

అలా వేసవి పోయింది, వానలు పోయాయి. ఒక రోజు వారు తలుపు వేసుకున్న కాసేపటికి పోలయ్య జేబులో ఫోను మోగింది. అచ్చెమ్మ. ఊపిరి ఆగకుండా మాట్లాడుతోంది, వెనకాల రెక్కల చప్పుడు.

"మావా, పిల్లలొచ్చీసినారు! తొలి జంట మన పడమటి సెట్టు మీదే దిగింది. ఇప్పుడే పుల్ల పెట్టింది."

పోలయ్య స్టూలు మీంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్లాడు. దుర్భిణి ఎత్తి, ఊరున్న వైపుకు చూశాడు. ఎనిమిది రెట్లలో ఎదుటి మేడ గోడ కనిపించింది. దించేశాడు.

"కుండ కొత్తది తీసినావా?"

"తీసినాను."

"పిక్కలేసీ మరి."

"రెండూ ఏసీసినాను," అంది అచ్చెమ్మ. "నువ్వక్కడ నిబ్బరంగా ఉండు. ఇక్కడ లెక్క నాను సూసుకుంతాను."